కెనాన్ 1300డీ చార్జర్ పోయింది, ఏది కొనాలి?

ఉప్పలపాడు_కొంగ (గుంటూరు), మంగళవారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. నా కెమెరా కెనాన్ 1300డీ. పులికాట్ వైపు వెళ్లొచ్చేసరికి బ్యాగులో చార్జర్ లేదు. లాడ్జివాళ్లను అడిగితే మాకేం దొరకలేదన్నారు. ఉన్నది ఒక్కటే బ్యాటరీ, అది కూడా అయిపోవచ్చింది.

ఆన్‌లైన్‌లో వెతికితే తల తిరుగుతోంది. మూడు వందల నుంచి మూడు వేల దాకా ఉన్నాయి. ఒకదాంట్లో 1300డీకి సరిపోతుందని రాసి, ఫోటోలో మాత్రం వేరే బ్యాటరీ పెట్టారు. మా ఆఫీసులో ఒకాయన దగ్గర 700డీ చార్జర్ ఉంది, అది పనికొస్తుందా? లేదా ఫోన్‌కి పెట్టినట్టు కెమెరాకే యూఎస్‌బీ వైరు పెట్టి ఎక్కించొచ్చా?

ఆదివారం ఉప్పలపాడు తీసుకెళ్తానని పిల్లలకు మాటిచ్చాను. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్ల మీద ఉన్నాయట. కాస్త తొందరగా చెప్పండి.

---

పెళ్లిఫోటో (వరంగల్), మంగళవారం రాత్రి 9:31

తమ్మీ, కెమెరా పేరు పెట్టి వెతకకు. బ్యాటరీ తీసి దాని మీద ఏం రాసి ఉందో చూడు. నీదాని మీద ఎల్‌పీ-ఈ10 అని ఉంటది. చార్జర్ కొనేటప్పుడు చూడాల్సింది ఆ నంబరే. 1100డీ, 1200డీ, 1300డీ, 1500డీ, 3000డీ అన్నిట్లో అదే బ్యాటరీ. అందుకే 1500డీ చార్జర్ అని అమ్మేది కూడా నీకు పనికొస్తది.

700డీది ఎల్‌పీ-ఈ8. ఆకారమే వేరు, ఆ చార్జర్ గూట్లో నీ బ్యాటరీ కూర్చోదు. ఆయన్ని అడిగి మాట పోగొట్టుకోకు.

---

సర్క్యూట్_సుబ్బు (కాకినాడ), మంగళవారం రాత్రి 10:05

పెళ్లిఫోటో గారు చెప్పింది కరెక్ట్. యూఎస్‌బీ సంగతి నేను చెప్తాను. 1300డీకి పక్కన ఉన్న యూఎస్‌బీ రంధ్రం ఫోటోలు కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవడానికే, దాంట్లోంచి బ్యాటరీ చార్జ్ కాదు. రాత్రంతా పెట్టినా ఏమీ జరగదు. కెమెరాలోనే చార్జ్ అయ్యేవి వేరే ఉన్నాయి. సోనీ ఏ6000కి బాక్సులో విడి చార్జర్ ఇవ్వనేలేదు, వైరు కెమెరాకే పెట్టాలి, పూర్తిగా ఎక్కడానికి దగ్గర దగ్గర ఐదు గంటలు పడుతుంది. నికాన్ జెడ్6, జెడ్7 లాంటి వాటిలో కూడా అవుతుంది కానీ బ్యాటరీ మీద ఈఎన్-ఈఎల్15బీ అనో 15సీ అనో ఉండాలి. పాత 15, 15ఏ వేస్తే కెమెరా నడుస్తుంది, చార్జ్ మాత్రం ఎక్కదు.

మీకు కంపెనీ ఇచ్చిన చార్జర్ పేరు ఎల్‌సీ-ఈ10ఈ. చివర ఉన్న ఆ ‘ఈ’ని గుర్తుపెట్టుకోండి. ‘ఈ’ ఉంటే వైరుతో వచ్చేది, మన దేశంలో అమ్మేది అదే. ‘ఈ’ లేని ఎల్‌సీ-ఈ10కి అమెరికా తరహా బల్లపరుపు పిన్నులు చార్జర్‌కే అతికి ఉంటాయి.

---

చౌకబేరం (విజయవాడ), మంగళవారం రాత్రి 10:20

ఇంత కథ ఎందుకండీ. మొబైల్ షాపుల్లో రెండు పిన్నులు అటూ ఇటూ జరిపే యూనివర్సల్ చార్జర్ దొరుకుతుంది. వంద, నూట యాభై. ఏ బ్యాటరీనైనా క్లిప్పుకి బిగించి ప్లగ్గులో పెట్టడమే. మా అన్నయ్య పాత డిజిటల్ కెమెరాకి ఇప్పటికీ అదే.

---

సర్క్యూట్_సుబ్బు (కాకినాడ), మంగళవారం రాత్రి 10:58

చౌకబేరం గారూ, మీ అన్నయ్య గారి చిన్న కెమెరా బ్యాటరీలో ఒకటే సెల్ ఉండి ఉంటుంది, నిండితే 4.2 వోల్టులు. పాత మొబైల్ బ్యాటరీ కూడా అంతే, అందుకే ఆ క్లిప్పు చార్జర్ దానికి నడుస్తుంది. ఎల్‌పీ-ఈ10లో రెండు సెల్స్ వరసగా ఉంటాయి. మీద 7.4 వోల్టులు, 860 ఎంఏహెచ్ అని రాసి ఉంటుంది. దాన్ని నింపాలంటే ఎనిమిది వోల్టులు దాటాలి. కంపెనీ చార్జర్ మీద 8.3 వోల్టులు, 580 మిల్లీయాంపులు అని ఉంటుంది చూడండి. 4.2 వోల్టుల క్లిప్పు చార్జర్ పెడితే ఎక్కదు, అంతవరకూ నష్టం లేదు. రెండు సెల్స్‌కి కూడా సరిపోతుందని అమ్మేవి ఉన్నాయి, నాకు భయం వాటితోనే.

ఎందుకంటే ఈ బ్యాటరీకి ప్లస్, మైనస్ రెండే కాదు, మధ్యలో ఇంకా రేకులు ఉంటాయి. వాటిలో ఒకటి లోపల వేడి ఎంతుందో చార్జర్‌కి చెప్పేది. క్లిప్పు పిన్నులు రెండే, ప్లస్ మైనస్‌ని పట్టుకుని ఊరుకుంటాయి. బ్యాటరీ కాలుతున్నా దానికి తెలియదు. పిన్ను పక్క రేకు మీదికి జారినా తెలియదు. లిథియం బ్యాటరీకి మొదట ఒకే కరెంటుతో ఎక్కించాలి, నిండే వోల్టేజి దగ్గరికి రాగానే వోల్టేజిని అక్కడే ఆపి కరెంటు తగ్గించుకుంటూ పోవాలి, చివర్లో పూర్తిగా ఆపేయాలి. చౌకవాటిలో ఈ ఆపేయడం సరిగా ఉండదు. మా షాపుకి ఉబ్బిపోయి వచ్చే కెమెరా బ్యాటరీలు చాలావరకు అలాంటి చార్జర్ల మీద రాత్రంతా వదిలేసినవే. కెమెరాలో ఇరుక్కుపోయి, బయటికి లాగడానికే నానా తంటాలు పడాలి.

12 వోల్టుల సెటప్ బాక్స్ అడాప్టర్ వైరు కోసి టేపు చుట్టి ఎక్కిస్తున్నట్టు వీడియోలు కూడా తిరుగుతున్నాయి. దయచేసి అలాంటివి చూసి ప్రయోగాలు చేయకండి.

---

చౌకబేరం (విజయవాడ), మంగళవారం రాత్రి 11:06

సరే సార్, ఒప్పుకున్నా. కానీ వంద రూపాయల వస్తువుకి మూడు వేలు పెట్టమనడం కూడా న్యాయం కాదు కదా.

---

పాలపిట్ట (హైదరాబాద్), బుధవారం ఉదయం 7:15

మూడు వేలు ఎవరు పెట్టమన్నారు? మధ్య దారి ఉంది. నేను అడవుల్లో తిరిగేదాన్ని, కంపెనీ చార్జర్ ఇంట్లోనే ఉంటుంది. బ్యాగులో ఉండేది రెండు బ్యాటరీలు ఒకేసారి పట్టే యూఎస్‌బీ చార్జర్. డిజిటెక్, ఒసాకా, డీఎంకే లాంటి పేర్లతో దొరుకుతాయి. వాటికి నేరుగా 230 వోల్టుల గొడవ లేదు, ఫోన్ అడాప్టర్‌కి పెట్టొచ్చు, పవర్ బ్యాంకుకి పెట్టొచ్చు, కారులోనూ పెట్టొచ్చు. ఆమ్రాబాద్ వైపు వెళ్తే గెస్ట్‌హౌస్‌లో కరెంటు ఎప్పుడు ఉంటుందో తెలియదు. పవర్ బ్యాంకు ఉంటే నిశ్చింత.

అన్నట్టు కొంగ గారూ, కంపెనీవాళ్ల లెక్కలోనే 1300డీకి ఒక నిండు చార్జింగ్‌తో కంటి దగ్గర పెట్టుకుని తీస్తే 500 దాకా ఫోటోలు వస్తాయి. వెనక తెర మీద చూస్తూ తీస్తే 180 మాత్రమే. అయిపోవచ్చిన బ్యాటరీ అంటున్నారు కాబట్టి లైవ్ వ్యూ జోలికి పోకండి. తీసిన ప్రతి ఫోటోనీ పిల్లలకు తెర మీద చూపించినా అదే ఖర్చు.

---

ఉప్పలపాడు_కొంగ (గుంటూరు), బుధవారం ఉదయం 8:40

అందరికీ ధన్యవాదాలు. పాలపిట్ట గారూ, మీరు చెప్పినలాంటి యూఎస్‌బీ చార్జర్లు చూశాను. కింద రివ్యూల్లో సగం మంది బ్రహ్మాండం అంటే, సగం మంది అసలు లైటే వెలగలేదంటున్నారు. ఎవర్ని నమ్మాలి?

---

పాలపిట్ట (హైదరాబాద్), బుధవారం ఉదయం 9:02

ఆ లైటు వెలగనివాళ్లలో చాలామందికి వైరే కారణం అయి ఉంటుంది. ఇప్పటి ఫోన్ అడాప్టర్లకు రెండు వైపులా టైప్-సీ ఉన్న వైరు వస్తుంది. కొన్ని చౌక చార్జర్లు టైప్-సీ రంధ్రం పెట్టేస్తారు కానీ లోపల ఉండాల్సిన చిన్న రెసిస్టర్లు వేయరు. అవి లేకపోతే అవతలి అడాప్టర్ ఇక్కడ ఏదో తగిలించారని గుర్తించదు, కరెంటే వదలదు. పాత తరహా వెడల్పాటి యూఎస్‌బీ ఉన్న అడాప్టర్, దానికి సరిపోయే వైరు పెడితే అదే చార్జర్ చక్కగా పనిచేస్తుంది. నాదీ అలాంటిదే.

ఇంకొకటి, అడాప్టర్ కనీసం 2 యాంపులది అయి ఉండాలి. పాత ఫోన్‌ది 1 యాంపు అడాప్టర్ పెట్టి రెండు బ్యాటరీలు గుచ్చితే నిండడానికి చాలాసేపు పడుతుంది.

---

గోదారి_గట్టు (రాజమండ్రి), బుధవారం ఉదయం 11:20

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నాదీ 1300డీనే, చార్జర్ పోలేదు కానీ చచ్చిపోయింది. బ్యాటరీ పెట్టి ప్లగ్గులో పెడితే ఏ లైటూ రావడం లేదు. మీటర్ పెట్టి చూస్తే బ్యాటరీ కూర్చునే రేకుల దగ్గర సున్నా. కొత్తది కొనాల్సిందేనా?

---

సర్క్యూట్_సుబ్బు (కాకినాడ), బుధవారం మధ్యాహ్నం 1:10

ఆగండి, కొనకండి. మీటర్ సున్నా చూపించిందని చార్జర్ పోయినట్టు కాదు. చాలా చార్జర్లు బ్యాటరీ తగిలిందని తెలిసేదాకా వోల్టేజి బయటికి పంపవు. ఖాళీగా కొలిస్తే సున్నా లేదా పిచ్చి అంకెలు వస్తాయి.

ముందు వైరు మార్చి చూడండి. ఎల్‌సీ-ఈ10ఈకి వచ్చే వైరు చివర ఇంగ్లీషు ఎనిమిది అంకెలా ఉంటుంది, మన పాత టేప్ రికార్డర్లకు, రేడియోలకు ఉండేదే. ఇంట్లో ఏ పాత టేప్ రికార్డర్ అటక మీద ఉన్నా దాని వైరు సరిపోతుంది. లేకపోతే ఎలక్ట్రికల్ షాపులో అడగండి, చాలా తక్కువకే వస్తుంది. ఈ వైరు మెలిపెట్టి చుట్టీ చుట్టీ ప్లగ్గు దగ్గర లోపల తెగుతుంది, బయటికి కనిపించదు.

వైరు మార్చినా లైటు రాకపోతే బ్యాటరీ రేకులూ చార్జర్ రేకులూ పొడి గుడ్డతో తుడవండి. అప్పటికీ రాకపోతే వేరేవాళ్ల బ్యాటరీ పెట్టి చూడండి. మీరు కెమెరా చాలా కాలం బీరువాలో పెట్టి ఉంటే బ్యాటరీ మరీ కిందికి దిగిపోయి లోపలి రక్షణ సర్క్యూట్ దాన్ని మూసేసి ఉంటుంది. అప్పుడు మంచి చార్జర్ కూడా ఎక్కించను పొమ్మంటుంది. దాన్ని ఎలాగోలా లేపాలని చూడకండి, బ్యాటరీ మార్చడమే.

---

గోదారి_గట్టు (రాజమండ్రి), బుధవారం రాత్రి 8:15

సుబ్బు గారూ, వైరే! నాన్నగారి ఎఫ్ఎం రేడియో వైరు పెట్టగానే నారింజ లైటు వచ్చింది. మీ నోట్లో చక్కెర పోయ. ఇప్పుడు రేడియో ఏదని నాన్నగారు అడుగుతున్నారు.

---

చౌకబేరం (విజయవాడ), బుధవారం రాత్రి 8:22

చూశారా, అన్నిటికంటే చౌకబేరం అదే!

---

డాలస్_దత్తు (టెక్సాస్), గురువారం ఉదయం 6:30

కొంగ గారూ, నేను వచ్చే నెల గుంటూరు వస్తున్నా. కావాలంటే ఇక్కడి నుంచి కంపెనీ చార్జర్ తెస్తాను. ఇక్కడ మీ కెమెరాని రెబెల్ టీ6 అని అమ్మారు, చార్జర్ సులువుగానే దొరుకుతుంది. ఇక్కడ 120 వోల్టులు కదా, అక్కడ కాలిపోతుందని మా ఆవిడ అంటోంది. అది నిజమేనా?

---

సర్క్యూట్_సుబ్బు (కాకినాడ), గురువారం ఉదయం 7:45

కాలిపోదు దత్తు గారూ. కెమెరా చార్జర్ల మీద 100–240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని రాసి ఉంటుంది, ఏ దేశంలోనైనా నడుస్తుంది. కన్వర్టర్ అక్కర్లేదు. మేడమ్ గారి అనుమానం మిక్సీలు, హెయిర్ డ్రయ్యర్ల విషయంలో అయితే నిజమే. ఇక్కడ ఇబ్బంది పిన్నులతోనే. అమెరికా బల్లపరుపు పిన్ను మన సాకెట్లో వదులుగా ఆడుతుంది, మధ్యలో ఇంకో అడాప్టర్ ముక్క పెట్టాలి. ఆ ముక్కలు చాలావరకు లూజు, మిణుకుమని మెరుపులు వస్తుంటాయి. ఇక్కడ దొరికే వస్తువుకి అంత దూరం నుంచి మోసుకు రావడం దేనికి?

మన పల్లెల్లో వోల్టేజి 170కి పడిపోయినా ఈ చార్జర్లకు ఏమీ కాదు. న్యూట్రల్ పోయి ఇంట్లోకి 400 వచ్చినప్పుడే గోవిందా. అప్పుడు చార్జర్ ఒక్కటే కాదు, ఫ్రిజ్జూ టీవీ కూడా పోతాయి.

---

పాలపిట్ట (హైదరాబాద్), గురువారం ఉదయం 8:10

దత్తు గారు ఒకవేళ బ్యాటరీలు కూడా తెస్తుంటే అవి చేతి సంచిలోనే పెట్టుకోవాలి, లగేజీలో వేయకూడదు. రేకులకు మూత పెట్టుకోండి, లేదా టేపు అంటించండి. చార్జర్ ఎక్కడ పెట్టినా ఫరవాలేదు.

---

ఉప్పలపాడు_కొంగ (గుంటూరు), గురువారం ఉదయం 9:30

దత్తు గారూ, అడిగినందుకే సంతోషం. కానీ నాకు ఆదివారానికే కావాలి. ఇక్కడ ఒక ఫోటో గూడ్స్ షాపులో చూశాను. కంపెనీది వాళ్ల దగ్గర లేదు, తెప్పించాలంటే వారం అన్నారు. గోడ ప్లగ్గుకి పెట్టే బయటి కంపెనీది ఒకటి ఉంది. బయటి చార్జర్ వాడితే కెమెరా పాడవుతుందా? షాపతనేమో ఏం కాదంటాడు, అమ్మేవాడు ఇంకేమంటాడు!

---

పెళ్లిఫోటో (వరంగల్), గురువారం ఉదయం 10:05

చార్జర్ కెమెరాకి తగలదు కదా తమ్మీ, బ్యాటరీకి తగులుతది. చెడిపోతే బ్యాటరీ చెడిపోవాలి. మేం పెళ్లిళ్ల సీజన్‌లో రోజూ డజను బ్యాటరీలు ఎక్కిస్తం, అందరి దగ్గరా బయటి చార్జర్లే. మంచి పేరున్నది ఏండ్ల తరబడి వస్తది. నేను మాత్రం ఒక నియమం పెట్టుకున్నా: బయటి చార్జర్‌ని నిద్రపోయేటప్పుడు వదలను, మంచం మీద, పరుపు మీద అస్సలు పెట్టను.

కొనేముందు చేతిలో పట్టుకుని చూడు. బరువు మరీ తేలిగ్గా ఉంటే లోపల ఏమీ లేదన్నట్టే. వెనక ఇన్‌పుట్, అవుట్‌పుట్ అంకెలు స్పష్టంగా ఉండాలి. నీ బ్యాటరీ తీసుకుపోయి అక్కడే పెట్టి లైటు మారుతదో లేదో చూసి కొను. ఆన్‌లైన్ కంటే షాపు మేలు అనేది అందుకే. తర్వాత వాపసు కూడా సులువు.

ఒకవేళ ఆదివారం లోపల ఏదీ కుదరకపోతే పాస్‌పోర్టు ఫోటోలు తీసే చిన్న స్టూడియోలు అడుగు. వాళ్ల దగ్గర 1500డీ, 3000డీలు ఎక్కువ. రెండు గంటలు చార్జింగ్ పెట్టిమ్మంటే కాదనరు. పెద్ద స్టూడియోలకు పోతే మాలెక్కనే అందరివీ ఎల్‌పీ-ఈ6 చార్జర్లు, నీకు పనికిరావు.

---

సర్క్యూట్_సుబ్బు (కాకినాడ), గురువారం మధ్యాహ్నం 12:40

నాకు బయటివాటి మీద వ్యతిరేకత లేదు. ఎవరో తెలియనివాటి మీదే ఉంది. గోడ ప్లగ్గులో పెట్టేదైతే బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు చూడండి. పక్కనే ‘ఆర్’ అక్షరం, గీత, తర్వాత ఎనిమిది అంకెలు ఉంటాయి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబర్ కొడితే ఎవరి పేరు మీద, ఏ వస్తువుకి రిజిస్టర్ అయిందో చూపిస్తుంది. అడాప్టర్ల మీద ఐఎస్ 13252 అని, లిథియం బ్యాటరీల మీద ఐఎస్ 16046 అని ఉంటుంది. షాపులో నిలబడే చూసుకోవచ్చు, రెండు నిమిషాల పని. గుర్తు వేసి నంబర్ లేకపోతే అది బొమ్మే.

పనిలో పనిగా రెండో బ్యాటరీ కూడా కొంటారేమో, అంకెలు చూసి మోసపోకండి. కంపెనీది 860 ఎంఏహెచ్. అదే సైజులో వెయ్యి అంటే నమ్ముతాను. రెండు వేలు అని రాసి ఉంటే కింద పెట్టేయండి.

కెనాన్‌లోనే ఎల్‌పీ-ఈ17 వాడేవాళ్లకు ఒక ముక్క. 200డీ, 750డీ, 800డీ వాళ్లన్నమాట. ఆ బ్యాటరీలో చిప్పు ఉంది. కంపెనీ చార్జర్ బయటి బ్యాటరీలను తరచూ ఒప్పుకోదు. అక్కడ బయటి బ్యాటరీ కొంటే దాంతోపాటే బయటి చార్జర్ కూడా కొనాల్సి వస్తుంది. ఎల్‌పీ-ఈ10కి ఆ బెడద లేదు.

---

ఉప్పలపాడు_కొంగ (గుంటూరు), శుక్రవారం రాత్రి 8:50

కొనేశాను. షాపులోనే యాప్‌లో నంబర్ చూశాను, సరిపోయింది. షాపతను నన్ను ఇన్‌కమ్ టాక్స్ వాడిలా చూశాడు. బ్యాటరీ అక్కడే పెడితే ఎర్ర లైటు వచ్చింది. ధర ఏడు వందల లోపే.

ఇంటికొచ్చాక ఒక అనుమానం. బ్యాటరీ పెట్టకుండా ప్లగ్గులో పెట్టినా పచ్చ లైటు వెలుగుతోంది. ఇందాక బ్యాటరీ పెట్టినా ఒకసారి పచ్చగానే ఉంది, తీసి మళ్లీ నొక్కి పెడితే ఎర్రగా మారింది. పాడైందా?

---

పాలపిట్ట (హైదరాబాద్), శుక్రవారం రాత్రి 9:05

పాడవ్వలేదు. కంపెనీదానికి ఎక్కేటప్పుడు నారింజ, నిండాక పచ్చ. బయటివాటిలో చాలావాటికి ఖాళీగా ఉన్నా పచ్చే, నిండినా పచ్చే. అందుకే బ్యాటరీ రేకులు సరిగా తగలకపోతే పచ్చగా ఉండిపోయి, నిండిందని మనల్ని నమ్మిస్తుంది. పెట్టగానే ఎర్రగా మారిందో లేదో చూసుకుని అప్పుడు వెళ్లండి. పొద్దున్నే ఖాళీ బ్యాటరీతో బయల్దేరినవాళ్లను నేను చూశాను.

---

సర్క్యూట్_సుబ్బు (కాకినాడ), శుక్రవారం రాత్రి 9:20

దాని వెనక అవుట్‌పుట్ ఎన్ని మిల్లీయాంపులు అని ఉంది? 600 దగ్గర ఉంటే రెండు గంటలు, 300 అయితే నాలుగు గంటలు పడుతుంది. నెమ్మదిగా ఎక్కితే తప్పులేదు, బ్యాటరీకి మంచిదే. మొదటిసారి దగ్గరుండి అరగంటకోసారి చేయి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉండొచ్చు, చేయి పెట్టలేనంత కాలితే వెంటనే తీసేయండి. నిండాక బ్యాటరీ బయటికి తీసి, చార్జర్‌ని కూడా ప్లగ్గులోంచి లాగేయండి. ఆదివారం వెళ్లేదైతే శనివారం రాత్రి ఎక్కించుకోండి చాలు.

---

ఉప్పలపాడు_కొంగ (గుంటూరు), శుక్రవారం రాత్రి 11:48

600 అని ఉంది. తొమ్మిదిన్నరకు పెట్టాను, ఇప్పుడే పచ్చగా మారింది. వేడి పెద్దగా లేదు. కెమెరాలో బ్యాటరీ గుర్తు నిండుగా చూపిస్తోంది. దగ్గర కూర్చున్నందుకు మా ఇంట్లో బ్యాటరీకి జ్వరమా అని అడిగారు.

---

నల్లమల_నికాన్ (నంద్యాల), శనివారం ఉదయం 10:10

ఇదంతా చదివాను, బాగుంది. నాది నికాన్ డీ5300, బ్యాటరీ మీద ఈఎన్-ఈఎల్14ఏ అని ఉంది. పాత డీ3200 చార్జర్ మా బావమరిది దగ్గర ఉంది, దాని మీద ఎంహెచ్-24 అని రాసి ఉంది. నడుస్తుందా?

---

పెళ్లిఫోటో (వరంగల్), శనివారం ఉదయం 10:25

నడుస్తది అన్నా. ఈఎల్14కీ 14ఏకీ ఒకటే చార్జర్, ఎంహెచ్-24. తెచ్చుకుని వాడుకో. మిగతా నికాన్ ప్రశ్నలుంటే వేరే చర్చ మొదలుపెట్టు, ఇక్కడ అడిగితే కెనాన్ వాళ్ల మధ్యలో కలిసిపోతయ్.